మోకాళ్లకు ప్యాడ్లు, చేతిలో పెన్ను

అప్పుడు నాకు పదహారేళ్లు. అమ్మానాన్నలు వలస వచ్చిన దేశంలో, బ్లాక్‌టౌన్ దగ్గర ఒక ఇండోర్ కోర్టులో ప్రాంతీయ జూనియర్ వాలీబాల్ జట్టుకు ఎంపికలు జరుగుతున్నాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకే ప్రైవేటు స్కూలు తెల్ల అమ్మాయిలు. వాళ్లకు స్కూల్లోనే ఇలాంటి కోర్టుంది. నేను మా ప్రభుత్వ స్కూల్లో సిమెంటు నేల మీద ఆట నేర్చుకున్నాను.

గోడ పక్కన బిడియంగా నిలబడ్డ నన్ను చూసి కోచ్ నవ్వుతూ, "స్కోరింగ్‌కి వచ్చావా? థాంక్యూ, డార్లింగ్!" అని స్కోర్ షీటు, పెన్ను చేతిలో పెట్టింది. అవి పట్టుకుని బల్ల దగ్గరకు వెళ్లాను. గంటసేపు ఇతరుల పాయింట్లు రాస్తూ కూర్చున్నాను. బల్ల కింద కాళ్లు మాత్రం నిలవలేదు. ప్రతి సర్వీసుకూ లేవబోయేవి.

ఇంతలో షిఫ్టు ముగించుకుని నాన్న వచ్చారు. "ఏంది బిడ్డా, ఇంకా నీ టర్న్ రాలేదా?"

"నో డాడీ, స్కోర్ రాస్తున్న."

"స్కోరా? మరి మోకాళ్లకు ఆ ప్యాడ్లెందుకే, పెన్ను పట్టుకోనీకా?"

ఆయన గొంతుకు అందరూ తిరిగి చూశారు. నా చెవులు మండిపోయాయి. షీటు చివర నా పేరు రాసి కోచ్‌కు ఇచ్చి, "ఆడటానికి వచ్చాను" అన్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. సారీ చెప్పి, మిగిలిన పది నిమిషాలు ఆడనిచ్చింది.

మొదటి సర్వీసు నెట్‌కి కొట్టాను. తర్వాత మూడు పాయింట్లు తెచ్చినా జట్టులో చోటు దొరకలేదు. ఆ గంట కూడా ఆడి ఉంటే ఏమయ్యేదోనని డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో!

ఇప్పుడు యూనివర్సిటీలో ఏ ఎంపికకు వెళ్లినా గోడ పక్కన నిలబడను. ముందే వెళ్లి, ఎందుకొచ్చానో చెబుతాను. గొంతు మాత్రం ఇంకా వణుకుతూనే ఉంటుంది.