మేకుకు మిగిలిన బిళ్ల

బెల్లంపల్లి పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని పద్నాలుగేళ్లుగా నేను చూస్తున్నది మనుషుల్ని కాదు, వాళ్లు పార్సిల్ కట్టే తీరుని. గాజు సీసాని పాత పేపర్లో చుట్టి తెచ్చి "భద్రంగ పోతదా మేడం" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. సిద్దిరాములు కాక అలాంటివాడు కాదు. ఆయన కట్టిన పార్సిల్‌ని మేడ మీంచి పడేసినా లోపలి వస్తువుకి ఏమీ కాదు. అందుకే ఆయనంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఆ గౌరవం మధ్యలో ఒకసారి పోయింది. మళ్లీ వచ్చిందో లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

కాక బాయిలో లాంపురూం మనిషి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. కిందికి దిగేవాడు తన నెంబరున్న ఇత్తడి బిళ్లను లాంపురూం కిటికీలో ఇచ్చి, తలకు కట్టుకునే లాంపు తీసుకుంటాడు. కాక ఆ బిళ్లను గోడ మీద అదే నెంబరున్న మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక మనిషి పైకొచ్చి, లాంపు ఇచ్చేసి, బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. మేకుకు బిళ్ల ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ముప్పై ఒక్క ఏళ్లు కాక చేసిన పని ఇదే.

బాయి మూతపడేనాటికి ఆయన దిగిపోయి రెండేళ్లయింది. రిటైరవడాన్ని మేం దిగిపోవడం అంటాం. లాంపురూం సామానంతా పాత ఇనుము కింద పోయింది. కాక ఆ ఇనుము కొట్టుకి వెళ్లి, కరిగించడానికి పెట్టిన బిళ్లలు ఒక సంచెడు, పాత లాంపులు కొన్ని, "పొగ తాగరాదు" అని రాసిన రేకు బోర్డులు కొనుక్కొచ్చాడు. ఇవన్నీ ఎందుకు కాకా అంటే "ఊకెనే" అన్నాడు. ఏది అడిగినా ఆయన దగ్గర ఉండే జవాబు అదే.

ఆరేళ్ల కింద ఆయనకి ఫోన్లో "పాతసంత" అనే వేలంపాట సైటు చూపించింది నేనే. పెద్ద సైట్లలో పెడితే మన లాంపు లక్ష వస్తువుల కింద పడి ఎవరి కంటికీ ఆనదు. పాతసంత చిన్నది. రోజూ చూసేది మహా అయితే మూడు నాలుగు వందల మంది, అందరూ పాత సామాన్ల పిచ్చోళ్లే. అక్కడ ఎవడన్నా మోసం చేస్తే సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. నిజాయితీగా ఉన్నా తెలుస్తుంది గానీ, దానికి ఏడాది పడుతుంది.

కాకకి ఏడాది కూడా పట్టలేదు. పొద్దున ఎనిమిదింటికి వరండాలో, కంపెనీ వాళ్లిచ్చిన బూడిదరంగు దుప్పటి మీద వస్తువు పెట్టి ఫోటో తీసేవాడు. ఎంతుంటుందో తెలియడానికి పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టేవాడు. ఏ వస్తువైనా పాట ఒక్క రూపాయితో మొదలు. ముగిసేది ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, కొనేవాళ్లు అన్నం తిని ఇంటిపట్టున ఉండే వేళకి. మిగతావాళ్లు "అరుదైనది, అద్భుతమైనది" అంటూ డప్పు కొట్టుకుంటే ఈయన లోపాలతో మొదలుపెట్టేవాడు. "గాజు పగిలింది. పిడి పాతది కాదు, నేను ఏసిన. లోపట తుప్పు. ఎలగదు." అంతే, మెప్పుకోలు ఒక్క ముక్క ఉండదు. జనం ఎగబడి కొన్నారు. సరుకు ముట్టాక కొన్నవాళ్లు సైట్లో ఒక మాట రాయాలి. రెండు వందల నలభై అమ్మకాలకి అన్నిసార్లూ వచ్చిన మాట ఒకటే, "చెప్పినట్టే ఉంది" అని.

నేను దాన్ని వ్యాపారం తెలివి అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ఆయనకి ఏ వస్తువు మీదా ప్రేమ లేదు, పోతుందన్న బెంగా లేదు. ఎక్కువ ధర పలికిందని చెబితే "అట్లనా" అనేవాడు. పలకలేదన్నా "అట్లనా" అనేవాడు. ఆయన భార్య శంకరవ్వ పోయినప్పుడు పదకొండో రోజు భోజనాలయ్యాయి, పన్నెండో రోజు పదిన్నరకి పార్సిల్ పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"నాలుగు రోజులు ఇంట్ల ఉండరాదే కాకా" అన్నాను.

"ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె బిడ్డా? జర తూకం చూడు."

గొంతులో ఏ తేడా లేదు. మనిషి అంత మొద్దుబారిపోతాడా అని నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే కొంచెం అసహ్యం కూడా వేసింది.

పోయిన దసరాకి ముందు ఆయన పది బిళ్లలు ఒక కట్టగా అమ్మకానికి పెట్టాడు. దాని కింద ఒక ప్రశ్న వచ్చింది. "612 నెంబరు బిళ్ల ఉన్నదా? మా బాపుది. - కోమల, ఆదిలాబాద్." కాక "లేదు" అని రాశాడు. నెల తర్వాత ఇంకో కట్ట పెడితే మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి కూడా "లేదు" అని రాసి, ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"గీ పిల్ల అడగకుంట బంద్ జేసుడు ఎట్ల?"

"బంద్ ఎందుకు కాకా? గామె తిడుతుందా, కొడుతుందా? అడిగినప్పుడల్ల లేదని రాస్తే అయిపాయె."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా ముందు పింఛన్ల వరుస పెద్దగా ఉంది. నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత కౌంటరు ఖాళీగా ఉన్న వేళ చూసి వచ్చాడు. కిటికీలోంచి ఫోను లోపలికి తోశాడు. "తప్పులున్నయేమో చూడు బిడ్డా. ఇంకా సైట్ల పెట్టలే."

నేను చదివాను.

"612 నెంబరు ఇత్తడి బిళ్ల. లోపాలు. అంచు అరిగింది. ఎనుక మొలతోని గీసిన రెండు గీతలున్నయి, అవి ఇస్తారి గీసుకున్నడు. ఇస్తారి పంపు నడిపేటోడు. 2003ల మా బాయిల కప్పు కూలి సచ్చిపోయిండు. గా దినం మూడింటికి ఫస్టు షిఫ్టు అయిపోయింది. ఈ బిళ్ల మేకుకే ఉన్నది. నేను చూసిన. ఎమ్మటే చెప్పాలె. డబుల్ షిఫ్టు చేస్తుండు కావచ్చు అనుకున్న. నాలుగున్నరకు చెప్పిన. ఎంక్వైరీల మూడుంబావుకు చెప్పిన అని రాసిచ్చిన. ముందుగాల చెప్తే బతుకునో ఏమో నాకు తెల్వది. ఈ బిళ్ల నా దగ్గర లేదని మూడుసార్లు రాసిన. అది అబద్ధం."

పంపు నడపడమంటే బాయిలో దూరంగా, ఒక్కడే ఉండి చేసే పని. మిగతావాళ్లకైతే పక్కన పనిచేసేవాడన్నా మా మనిషి రాలేదని అరుస్తాడు. పంపు మనిషి రాలేదని చెప్పగలిగేది ఆ మేకు మీది బిళ్ల ఒక్కటే.

ఇంకో సంగతి కూడా ఆరోజే చెప్పాడు. వాళ్ల లాంపురూంలో రాతలో లేని పద్ధతి ఒకటుందట. కింద చనిపోయినవాడి బిళ్ల మళ్లీ ఎవరికీ ఇవ్వరు. లాంపురూం మనిషే దాన్ని మేకునుంచి తీసి, దినాలనాడు ఆ ఇంటికి వెళ్లి, పెళ్లాం చేతిలో పెట్టాలి. కాక వెళ్లలేదు. ఇస్తారి భార్య ఐలవ్వ రెండుసార్లు లాంపురూందాకా వచ్చి అడిగితే బిళ్ల దొరకలేదన్నాడు. ఆమె ఆరేళ్ల కూతురిని తీసుకుని ఆదిలాబాద్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. బిళ్ల కాక ఇంట్లో తంబాకు డబ్బాలో ఉండిపోయింది.

చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో ఏ తేడా లేదు, అది వింటే నాకు మండింది.

"బస్సెక్కు కాకా. పోయి గా తల్లి చేతిల పెట్టి, గిదంత నోటితోని చెప్పు."

"రెండుసార్లు బస్టాండుదాక పోయిన బిడ్డా. కాళ్లు ఎక్కలే."

"మరి అమ్ముడేంది? ఊకె పంపియ్యి!"

"ఊకె పంపితె ఏం రాయాల్నో తెల్వది. గీ సైట్ల అయితె లోపం రాసుడు వస్తది నాకు." ఫోను వెనక్కి తీసుకుంటూ అన్నాడు. "గా పిల్ల సదివినంకనే తీస్కోవాలె. రూపాయి పెడుతున్న. ఆమె ఒక్కతే పాడుతది."

అక్కడే తప్పు చేశాడు. ఆరేళ్లు అక్కడ అమ్మినవాడు చేయాల్సిన తప్పు కాదు. నేనూ ఆపలేదు, నాకూ తట్టలేదు.

కోమల మొదటిరోజే నూట ఒక్క రూపాయి పాడింది. మంగళవారంనాటికి పుణెనుంచి ఒకాయన పాటలోకి వచ్చాడు, బుధవారం హైదరాబాద్‌నుంచి ఇద్దరు. పాత బిళ్లలు పోగుచేసేవాళ్లకి మామూలు బిళ్ల వేరు, మనిషి పోయిన బిళ్ల వేరు. పైగా రాసింది సిద్దిరాములు. రెండు వందల నలభైసార్లు ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి రాశాడంటే ఇది కూడా నిజమే అయి ఉంటుంది కదా! లోపమని ఆయన రాసిన ప్రతి వాక్యానికీ ధర పెరిగింది. కోమల ఇంకో రెండుసార్లు పెంచింది. గురువారంనుంచి ఆమె పేరు కనపడలేదు. పుణె ఆయన కింద ఒక ప్రశ్న రాశాడు. "ఎంక్వైరీ కాగితం నకలు ఉందా? ఉంటే ఇంకా పెంచుతాను."

అది చదివి వినిపించాను.

"ఆయన మంచోడే. నా దగ్గర మస్తు సార్లు కొన్నడు, ఎప్పుడు సతాయించలే" అన్నాడు కాక.

నేను ఆఫీసని కూడా చూడకుండా అరిచాను. "కాకా, నీకు మనసున్నదా లేదా?"

ఆయన ఆ ప్రశ్నను నిజంగా అడిగినట్టే తీసుకున్నాడు. కిటికీ చెక్క మీద వేలితో రాస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"తెల్వది బిడ్డా. గా దినంకాడికెల్లి ఏం తెలుస్తలేదు. శంకరవ్వ పోయిన్నాడు గూడ చూసిన. ఏం రాలే."

ఇన్నేళ్లూ ఆ మనిషిది బండతనం అనుకున్నందుకు సిగ్గేసింది. కానీ ఆరోజు ఆలస్యం చేసిన ఆ గంటన్నరకి ఆయన మీద కోపం మాత్రం పోలేదు, రెండూ ఒకేసారి ఉన్నాయి.

శనివారం వచ్చి "దీన్ని ఆపుడు ఎట్ల?" అని అడిగాడు. చూపించాను. పాట మొదలయ్యాక అమ్మేవాడు రద్దు చేస్తే ఖాతా పూర్తిగా తీసేస్తారని పాతసంతలో నియమం. రెండు వందల నలభై మాటలూ పోతాయి, ఆ ఫోన్‌నుంచి మళ్లీ అమ్మడానికి ఉండదు. పొద్దున లేస్తే ఆయనకున్న పని అదొక్కటే. అదే చెప్పాను.

"అట్లనా" అన్నాడు. ముందు కోమలకి "అడ్రసు పంపు బిడ్డా" అని రాశాడు. గంటసేపు బల్ల మీద కూర్చున్నాడు. అడ్రసు వచ్చింది. దాన్ని కాగితం మీద రాసుకుని, ఫోను తెరమీద ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి నొక్కాడు. ఆలోచించుకోవడానికి క్షణం కూడా ఆగలేదు.

తర్వాత జేబులోంచి పార్సిల్ తీశాడు. ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చాడు. దూది, దానిమీద అట్ట, దానిమీద కుట్టిన గుడ్డ. అడ్రసులో కోమల పేరు కాదు, "ఐలవ్వ, ఇస్తారి భార్య" అని రాశాడు. తూకం వేశాను. బిళ్లకన్నా చుట్టిన గుడ్డే బరువుంది.

ఆ తర్వాత అమ్మడానికి ఏమీ లేకపోయినా రోజూ పదిన్నరకి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. వెళ్లమని నేననలేదు. తొమ్మిదోరోజు టపాలో ఆయన పేరున పోస్టుకార్డు వచ్చింది. చదవకూడదు, చదివాను. ఆయన కళ్లద్దాలు తేలేదన్నాడు. వరుసలో నలుగురు నిలబడి ఉండగానే కిటికీలోంచి మెల్లగా చదివి వినిపించాను.

"బిళ్ల ముట్టింది. మీరు చెప్పినట్టే ఉన్నది. మా అవ్వకు కండ్లు సరిగ కనవడయి. ఎనుక గీతలు ఏలుతోని తడిమి గుర్తుపట్టింది. చేతిల పట్టుకొని, ఇగ పైకొచ్చిండు అన్నది. మీరు మా ఇంటికి రావద్దు. - కోమల."

"ఇంకోపారి సదువు" అన్నాడు.

చదివాను.

"పైకొచ్చిండు అన్నదా?"

"అన్నది కాకా."

"రావద్దన్నది. గది కరెక్టే" అన్నాడు. కార్డు కోసం కిటికీలోకి చెయ్యి చాపాడు. నేను కార్డు అరచేతిలో పెట్టాను. ఆ చెయ్యి అలాగే చాపి ఉండగానే ఆయన కిందికి జారిపోయాడు. కౌంటరు కింద నేల మీద కూర్చుని, నోరు తెరిచి, గొంతు పగిలేలా ఏడ్చాడు. ముసలివాళ్లు అలా ఏడవగా నేనెప్పుడూ వినలేదు. లేపడానికి నేను వెళ్లలేదు. వెళ్తే ఆపుతాడేమోనని.

వరుసలో ముందున్న ఆమె భయపడిపోయింది. "ఏమైంది మేడం ఆయనకు?"

"వాళ్ల మనిషి పోయిండు" అన్నాను.

"అయ్యో! ఎప్పుడు?"

"ఇప్పుడే" అన్నాను.