పెన్నలో పడిన ఎండ

నిన్న వాన వెలిశాక రంగు అద్దిన పట్టుదారాలను మిద్దెమీద దండేనికి ఆరేశాను. ఎండ వచ్చింది. సున్నం కొట్టిన గోడమీద వాటి నీడలు నల్లగా లేవు, వంకాయ రంగులో ఉన్నాయి. తడిపట్టు వాసన పీలుస్తూ అక్కడే నిలబడిపోయాను. నీడకూ రంగుంటుందని నాకు చూపించింది సుభద్ర టీచర్.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. హైస్కూలు మాత్రం పెనుకొండలో అవ్వ దగ్గర ఉండి చదివాను. సుభద్ర టీచర్ హిందూపురం నుంచి రోజూ బస్సులో వచ్చి మాకు డ్రాయింగ్ చెప్పేవారు. ఒకరోజు పాత క్యాలెండరులోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి నల్లబల్లకు అంటించారు. ఎవరో విదేశీ చిత్రకారుడు నూరేళ్ల కిందట వేసిన ఏటిగట్టు అది. చెట్ల మొదళ్లు ఎర్రగా, నీళ్లు పసుపూ గులాబీ గీతలుగా ఉన్నాయి. క్లాసంతా నవ్వాం.

"నీళ్లు ఈ రంగులో యాడుంటాయి టీచర్?" అని అడిగాను.

"నువ్వు ఏటిని ఎప్పుడు చూసినావు?" అన్నారామె.

నాకు తెలిసిన పెన్న అంతా ఇసుకే.

ఆ ఏడాదే పైన కర్ణాటకలో వానలు పడి పెన్న పారింది. టీచర్ మమ్మల్ని సాయంత్రం గట్టుకు తీసుకుపోయి, నీడలకైనా నలుపు వద్దని మా రంగుల పెట్టెల్లోంచి నలుపు బిళ్లలు తీయించి తన సంచిలో వేసుకున్నారు. "నీళ్లు నీలమని మీకు ఎవరో చెప్పినారు. అది మర్చిపోండి. ఈడ కూర్చోని ఏం కనపడితే అది వేయండి" అన్నారు. మొదట నాకు బురదనీళ్లే కనపడ్డాయి. పొద్దు వాలేకొద్దీ ఆ బురద నారింజ రంగుకు తిరిగింది. నీళ్లలో దిగిన బర్రెల తడి వీపులమీద ఆకాశం నీలం ముక్కలుగా మెరిసింది. లంగాకంతా రంగులు పూసుకుని, కనుచూపు ఆనినంతసేపూ వేశాను.

ఆ బొమ్మను టీచర్ వరండాలో తగిలించారు. పై అధికారులు స్కూలు చూడటానికి వస్తున్నారని హెడ్మాస్టరు అన్నీ సర్దిస్తూ దాని ముందు ఆగారు.

"ఏందమ్మా ఇది, బర్రెలు నీలంగా ఉండాయి? చూసినోళ్లు నవ్వుతారు. ఆ పాపతో సరిచేయించు."

నేను అక్కడే ఉన్నాను.

"వద్దంటే తీసేస్తాను సార్. దిద్దించను. ఆ పాప చూసింది అదే" అన్నారు టీచర్, గొంతు పెంచకుండా.

తీసేశారు కూడా. దాన్ని పేపరులో చుట్టి తీసుకుపోయి తన ఇంట్లో దేవుని పటాల పక్కన పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. నా చూపును నమ్మి ఒక పెద్ద మనిషి నా పక్కన నిలబడటం అదే మొదటిసారి.

చదువయ్యాక మగ్గాల దగ్గరికే వచ్చాను. చీరలకు రంగులు కూర్చడం నా పని. నారింజ చీరకు బూడిద నీలం అంచు వేద్దామంటే నాయన ఒప్పుకోలేదు. "పెండ్లికి ఎవరు కడతారు పాపా ఇది?" అన్నాడు. పోరి పోరి నేయించి, ఆ చీర తీసుకుని హిందూపురం వెళ్లాను. అప్పటికి టీచర్ రిటైరై, మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నారు. మెచ్చుకుంటారని ఆశపడ్డాను. ఆమె చీరను భుజాన వేసుకుని, గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచి, ఎండలో మడత విప్పి చాలాసేపు చూశారు.

"అంచు దగ్గర తొందరపడినావు. ఇంకా మబ్బుగా ఉండాల" అన్నారు. తర్వాత నవ్వి, "దీన్ని నేను కట్టుకుంటాలే. నువ్వు ఇంకోటి నేయించుకో" అని మళ్లీ నా చేతికివ్వలేదు.

ఆమె పోయి రెండేళ్లయింది. హిందూపురం బస్సులో పెన్న వంతెన వస్తే నేను ఇప్పటికీ కిటికీ వదలను. చాలాసార్లు నీళ్లుండవు. పొద్దుటిపూట ఇసుక లేత గులాబీగా ఉంటుంది, గుంతల్లో సన్నగా నీలం. మొన్న పక్కసీటులో కూర్చున్నామె నా భుజం మీదుగా వంగి చూసింది.

"ఏముండాది ఆడ? ఏట్లో నీళ్లు కూడా లేవు గదమ్మా" అంది.

"ఎండ ఉండాది గదక్కా" అన్నాను.