బొంత నడిమి గుడ్డ

చాలా ఏళ్లుగా ఒక జానెడు గుడ్డను మోస్తున్నాను. గుడ్డకు బరువేముంటుంది అంటారేమో. నేనూ అలాగే అనుకుని పారేశాను. పారేసిన రోజు నుంచే బరువెక్కింది.

మా అన్న మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మీద కూలికి పనిచేసేవాడు. ఆయన పోయాక వదిన ఏడాదిపాటు ఒక బొంత కుట్టింది. పగలు కండెలు చుట్టే పని, సాయంత్రం బొంత. ఇంట్లోవాళ్ల పాత చీరలు, లుంగీలు పరిచి, అంచుల నుంచి లోపలికి చుట్లుచుట్లుగా కుట్టుకుంటూ వచ్చి, నట్టనడుమ ఒక నీలం గుడ్డ పెట్టింది. దాని నిండా మగ్గం నూనె మరకలు. ఆ మరక ఏ సబ్బుకూ లొంగదు.

ఆ ఏడు మా పేట పద్మనగర్‌లో మహిళా మండలివాళ్లు చేతికుట్టు బొంతల ప్రదర్శన పెట్టారు. వదినను ఒప్పించింది నేనే. ఆమెకు పొద్దున డ్యూటీ ఉండి, బొంతను హాలుకు తీసుకెళ్లే పని నాకు అప్పగించింది.

అప్పటికి మా ఆయనకు నాలుగు మగ్గాలుండేవి. ఆ నాలుగింటికే నన్ను నేను సేఠానీ అనుకునేదాన్ని. ఆ పదవి నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే పుచ్చుకున్నాను. అసలు సేట్ల భార్యలు వచ్చే చోట మా పుట్టింటి నూనె మరకలు ఆరేయాలా? కత్తెర తీసుకున్నాను. నీలం గుడ్డ విప్పి, నా జాకెట్టుకు మిగిలిన ఊదారంగు పట్టుముక్క అతికాను. తీసినదాన్ని గుడ్డపీలికలు వేసే చిందీ బస్తాలో పడేశాను. చిందీలు కొనేవాడు వచ్చి బస్తా ఎత్తుకుపోయాడు.

హాల్లో అందరూ బొంతను మెచ్చుకున్నారు. మధ్యాహ్నం వదిన పని బట్టలతోనే, జుట్టులో దూది నూగుతో వచ్చింది. బొంత నడుమ చెయ్యి పెట్టి ఆగింది.

“ఈడున్న గుడ్డేది పిల్లా?”

“మరకలున్నయని తీసేసిన వదినా. ఏదో పాత గుడ్డ అనుకున్న.”

“మీ అన్న అంగీ అది.”

“అయ్యో, నాకు తెల్వదు వదినా.”



“నీకెట్ల తెలుస్తది, నేనన్నా చెప్పకపోతి. మరకలు పోతలేవని ఆయన్ను రోజు తిడుతుంటి. నువ్వు ఒక్క కత్తెరతోని పోగొట్టినవ్ తియ్యి.”

నవ్వింది. నవ్వుతూనే పట్టుముక్కను నిమిరింది. ఆమె చేతి పగుళ్లకు తగులుకుని దారాలు లేచాయి.

అతుకులు వేయడం నాకు బాగా వచ్చు. గుడ్డకైనా, మాటకైనా.

నిజంగా తెలియదా నాకు? ఆ గుడ్డకు జేబు ఉంది. ఒకసారి అది చిరిగితే, నీలం దారం దొరక్క ఎర్రదారంతో కుట్టిచ్చింది నేనే. “నీ పనితనం కల్యాణ్ టేషన్ దాకా కనవడ్తది” అని ఎగతాళి చేసి, అన్న అదే అంగీ వేసుకుని డ్యూటీకి పోయేవాడు. ఆ పొద్దున కత్తెర మొన పక్కనే ఆ ఎర్రదారం కనిపించింది. ఆగాను. ఆ క్షణంలో అన్న గుర్తుకు రాలేదని రాయగలిగితే ఎంత బాగుండేది. వచ్చాడు. కానీ ముందు వరుసలో కూర్చోబోయే ఆడవాళ్లు ఆయనకంటే దగ్గరగా కనిపించారు. మళ్లీ విప్పడం మొదలుపెట్టాను.

వదిన ఇప్పటికీ ఆ బొంతే కప్పుకుంటుంది. పట్టు ఒంటి మీద జారిపోతుందని తిరగేసి కప్పుకుంటుంది. నన్ను ఒక్క మాటా అనలేదు. తెలియక చేశానని మన్నించింది. తెలిసి చేసినదానికి ఆ మన్నింపు కొలత సరిపోదు.

ఆమెకు చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. మీకు చెబుతున్నాను. అది అన్న అంగీ అని నాకు తెలుసు. తెలిసే తీశాను.