దుబాసీ గురువారాలు

నిన్న కల్లూరులో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే పక్కింటాయన "ఏమప్పా, ఎన్ని భాషలొస్తాయి నీకు?" అని గిల్లాడు. "రెండే" అన్నాను. ఆయన ఆటో ఎక్కడం మరిచిపోయి నా ముఖమే చూశాడు. నాలుగేళ్ల కిందటి దాకా నాకు ఏడు వచ్చేవి మరి. తెలుగు, ఉర్దూ పోను తక్కిన ఐదూ అడిగేవాళ్లు లేక బతికిపోయాయి. మా తాత రంగూన్‌లో బియ్యం మిల్లు నడిపాడనీ, బర్మా మాట నాకు ఉగ్గుపాలతో అబ్బిందనీ టీ అంగట్లో చెప్పేవాణ్ణి. మా తాత గుంతకల్లు దాటి ఎరుగడు.

ఆ కోత పాకి పాకి పిల్లల సంరక్షణ ఆఫీసుకు చేరింది. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ల పిల్ల, పదిహేనేళ్లది, రైల్లో తప్పిపోయి కర్నూలు స్టేషన్లో దొరికింది. బాలికల గృహంలో పెట్టారు. ఎవరితోనూ నోరు విప్పలేదు. ఆఫీసు మేడం శ్రీకాకుళం మనిషి, ఉర్దూ ముక్క రాదు. నాకు కబురు పెట్టింది. మా ఆవిడ పోయాక నన్నొకరు పిలిచి కుర్చీ వేయడం అదే మొదలు. ఆ పిల్ల నా తెల్లగడ్డం చూసి, వచ్చీరాని ఉర్దూలో "చాచా, ఖాలా హైదరాబాద్ మే హై" అంది. పిన్ని ఉందని. బస్తీ పేరూ చెప్పింది. మా వీధిలో సగం మంది మాట్లాడేది అదే, అర్థం కాకేం?

"ఏమంటోంది సార్?" అంది మేడం.

"శానా బెదిరిపోయుండాది మేడం. నాలుగు వారాలు వస్తే గానీ తేలదు."

బర్మా మాట రాదని బయటపడుతుందన్న భయంతో అలా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ కోతే. ఖాలా దొరికితే నన్ను మళ్లీ ఎవరూ పిలవరు, అంతే.

ప్రతి గురువారం ఉతికిన చొక్కా తొడుక్కొని పోయేవాణ్ణి. గృహంలో పనిచేసే ఆయా గుమ్మంలో కాపలా కూర్చుంటే మేమిద్దరం వేరుశనగకాయలు ఒలిచేవాళ్లం. ఆ పిల్ల గింజలన్నీ నా వైపే నెట్టేది. మూడో వారం "ఖాలాకో బోలే, చాచా?" అని అడిగింది. చెప్పానన్నాను. నవ్వింది. ఆ నవ్వు ముందు ఇక కూర్చోలేక నేరుగా మేడం గదికి పోయాను.

"నాకు బర్మా మాట రాదు మేడం. ఆ పాప మాత్రం మొదటి రోజే అంతా చెప్పింది."

ఆమె తిట్టలేదు. ఫోను అందుకుంటూ "మూడు వారాలండీ..." అంది.

కాగితాలన్నీ అయ్యాక ఖాలా వచ్చింది. నన్ను ఎవరూ రమ్మనలేదు, గేటు బయట నిలబడ్డాను. ఆ పిల్ల ఆటో ఎక్కుతూ నన్ను ఖాలాకు చూపించి ఏదో చెప్పింది, మంచిగానే. ఇద్దరూ సలాం చేశారు. నాకు ఇట్టే గడిచిపోయిన ఆ మూడు వారాలు, ఆ పిల్లకు ఎంత పొడుగ్గా సాగాయో.