హద్దురాయి మొదట్లో బావి

మా ఊరి పుట్టుక గురించి అడిగితే కరణాలు కాగితాలు తీస్తారు. నాకు కాగితాలెందుకు, కళ్లారా చూసినదాన్ని. అప్పటికది ఊరే కాదు. సర్కారు సీమకూ నవాబు సీమకూ మధ్య ఒక హద్దురాయి, దాని ఇవతల నాపరాయి కొట్టుకుని బతికే ఇరవై గుడిసెలు, అంతే. నీళ్లకు రెండు మైళ్ల అవతల వంకకు పోయేవాళ్లం. ఆ ఏడు చలికాలంలోనే వంక అడుగంటింది. బావి పడకపోతే ఉగాదికల్లా తలా ఒక దిక్కు పోవడమేనని పెద్దలు తేల్చేశారు.

నీటి జాడ చెప్పడానికి నవాబు సీమ నుంచి ఒక దూదేకుల తాతను పిలిపించారు. తెల్లవారుతుండగా, ఎవరినీ అడుగు కదపొద్దని చెప్పి, బండకు చెవి ఆనించి బోర్లా పడుకున్నాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చాలాసేపటికి లేచి హద్దురాయి మొదట్లో చెయ్యి పెట్టాడు.

ఇక్కడే మా నాయన తెలివి చూపించాడు. అక్కడ తవ్వితే నవాబు మనుషులు బావి తమదంటారని, ఇరవై అడుగులు మావైపు జరిపి గునపం వేయించాడు. ఒక్కరూ కాదనలేదు. తొమ్మిది నిలువుల లోతు దిగినా చెమ్మ తగల్లేదు. కొందరు మూటలు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన మొండితనం మీద నాకిప్పటికీ కోపమే. అయితే తల వంచుకుని మళ్లీ తాత దగ్గరికి పోయిందీ ఆయనే.

తాత వచ్చి ఎండుగుంతను చూసి, హద్దురాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నేను చెప్పిన తావు ఈడుండాదప్పా. నువ్వు ఆడ తవ్వినావు," అన్నాడు.

నేరమని తెలిసీ రాయిని పెకలించి అక్కడే తవ్వడం మొదలుపెట్టారు. మూడోనాడు అడ్డుపడడానికి వచ్చిన నవాబు బంట్రోతు, గట్టున కూర్చుని చూసి చూసి, పొద్దు వాలేసరికి తానూ మోకు పట్టి మన్ను లాగాడు. ఆరో నిలువులో బండ పగిలింది. లోపలున్న నాయనను రెండుసార్లు పిలిస్తే పలకలేదు. కాసేపటికి మోకు కదిలింది. పైకొచ్చిన బొక్కెనలో మన్ను లేదు, తెల్లటి నీళ్లున్నాయి. మొదటి దోసెడు తాతకు పోశారు. దాహంతో అన్నాళ్లూ మేం తిరిగిన నేల కిందే ఆ నీళ్లు ఉన్నాయనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తాగడానికే లేని నీళ్లు నేలమీద ఎవరు పోస్తారు? అంతవరకూ మా గుడిసెల ముందు ఏ ఆడదీ కళ్లాపి చల్లి ఎరగదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే వరసగా వాకిళ్లన్నీ తడిగా ఉన్నాయి. నమ్మకం పోయి నెల ముందే వెళ్లిపోయిన రెండిళ్లవాళ్ల ఖాళీ గుడిసెల ముందు కూడా ఎవరో చల్లి ముగ్గు వేశారు.