తాటిబెల్లం రంగు టైర్లు

మా పెద్ద తోడల్లుడు పోయి నెల దాటింది. ఆ మధ్యాహ్నం అన్నం తిని, వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, "కాస్త మజ్జిగ ఇస్తావా" అన్నారట. వదిన గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన లేరు. ఫోను మా ఆవిడకి వచ్చింది. "అక్కా!" అని ఒక్క కేక పెట్టి వంటింటి గడపలోనే కూలబడింది. నేను చొక్కా తొడుక్కుంటూ మనసులో అనుకున్న మొదటి మాట చెబితే మీరు తిడతారు. అయినా చెబుతాను. "చూశావా, చావు కూడా ఈయనకి ఎంత చక్కటిది దొరికిందో!" అనుకున్నాను. మంచం పట్టలేదు, ఆసుపత్రి మొహం చూడలేదు, ఒకరిచేత చేయించుకోలేదు. ఒంటిమీది ఇస్త్రీ చొక్కా నలగకుండా వెళ్లిపోయారు.

తోడల్లుళ్లున్నవాళ్లకి నా గోడు వేరే చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం చెబుతాను. అక్కని ఆయన చేసుకున్నారు, చెల్లెల్ని నేను చేసుకున్నాను. అత్తవారిది పాలకొల్లు, మేమిద్దరం కూడా ఆ ఊళ్లోనే స్థిరపడ్డాం. ఆయన మిషన్ స్కూల్లో మాస్టారు, నేను ఆఫీసులో గుమాస్తాని. ఆదివారం ఒకే చర్చిలో, ఒకే బెంచీలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఇద్దర్నీ ఒక్క చూపులో పోల్చి చూసుకోవడానికి ఊరికి అంతకంటే వీలు ఇంకేం కావాలి?

అత్తయ్యగారు బతికున్న రోజుల్లో నేను బజారుకెళ్లి చేప తెచ్చానంటే, ఆవిడ మొప్ప ఎత్తి చూసేది. ఒక నిట్టూర్పు. "బానే ఉందిలెండి చిన్నల్లుడు గారూ. పెద్దల్లుడు గారైతే చూసి తెచ్చేవారు." నేనేమన్నా కళ్లు మూసుకుని తెచ్చానా? నా కూతురి పెళ్లికి నేను తెచ్చిన పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయింది. ఆయన వేలు పెట్టి చూపించిన చీరే పీటల మీదికి వచ్చింది. సొంత ఇంటికి నేను వేయించిన సున్నం రంగు చూసి, వచ్చినవాళ్లంతా "మీ అన్నయ్యగారిని ఒక మాట అడగాల్సిందండి" అన్నారు. ఒళ్లు మండదూ?

నాకున్నది ఒక్కటే కోరిక. ఏదో ఒక వస్తువు, ఎంత చిన్నదైనా సరే, నలుగురూ చూసి "ఇది చిన్నల్లుడు గారి సెలక్షన్ అండి" అనాలి. ఆయన పక్కనుండగా అనాలి, ఆయన వినాలి. అంతే. ఇంతకంటే పెద్ద ఆశలు నాకెప్పుడూ లేవు.

రిటైరయ్యాక సైకిళ్లతో ఆ ముచ్చట తీరుతుందనుకున్నాను. ఆయనా నేనూ, మా ఊళ్లో ఇంకొంతమందీ కలిసి శనివారం పొద్దున్నే పాత సైకిళ్లేసుకుని కాలవ గట్టున లాకుల దాకా వెళ్లి, టీ తాగి తిరిగొస్తాం. అన్నీ మా చిన్నప్పటి కాలం సైకిళ్లే. తాతలవీ నాన్నలవీ అటకల మీంచి దించి, తుప్పు గీకి, రంగులేయించుకున్నవి. అసలు పోటీ టైర్ల దగ్గర వచ్చింది. ఇదివరకు సైకిల్ టైరంటే నల్లగా ఉండేది, మాట్లాడేది లేదు. ఇప్పుడు ఫోన్లో చూస్తే నేలకి తగిలే చోట నలుపే గానీ, పక్కలు మాత్రం తెలుపు, మీగడ రంగు, తేనె రంగు, ముదురు గోధుమ, ఏది కావాలంటే అది. పాత సైకిలుకి పాత అందం రావాలంటే ఆ పక్కల రంగులోనే ఉంది కిటుకంతా. తప్పు రంగు వేశారా, చక్కటి సైకిలు కూడా పెళ్లి ఊరేగింపు బండిలా తయారవుతుంది.

నేను ఫోన్లో బొమ్మ చూసి నచ్చింది ఆర్డరు పెట్టేవాణ్ణి. ఆయన పద్ధతి అది కాదు. సైకిలు మడ్‌గార్డు ఊడదీసి చంకలో పెట్టుకుని, బజార్లో మేచింగ్ సెంటరుకి వెళ్లేవారు. అవును, ఆడవాళ్లు జాకెట్టు ముక్కలు కొనుక్కునే చోటికే. "అమ్మా, దీని మీదికి ఏ రంగు వెళ్తుందంటారు?" అని కౌంటరులో అమ్మాయిని అడిగేవారట. జాకెట్లు కొనడానికొచ్చిన ఆడవాళ్లంతా చుట్టూ చేరి, "ఇదండి", "కాదండి, అది వెలిసినట్టుంటుందండి" అని తలో ముక్కా మడ్‌గార్డు మీద పరిచి చూసేవాళ్లు. ఆ ముక్కలు ఇంటికి తెచ్చి, పీలికలుగా చించి, నల్ల టైరు పక్కలకి చుట్టి, సైకిల్ని కాలవ అవతలి గట్టున నిలబెట్టి, ఇవతలి నుంచి చూసేవారు. పొద్దున ఒకసారి, మబ్బు పట్టినప్పుడు ఒకసారి. అప్పుడు గానీ టైర్లు తెప్పించేవారు కాదు.

"టైరు పక్కలంటే చీర అంచే తమ్ముడూ," అనేవారు. "అంచు ఉందని తెలియాలి. చీరకంటే ముందు మాట్లాడకూడదు."

ఆయన నల్ల సైకిలుకి మీగడ రంగు వేసిన మొదటి శనివారం నాకు బాగా గుర్తు. లాకుల దగ్గర టీ కొట్టతను స్టవ్వు వదిలేసి వచ్చి చూశాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఫోటోలు తీసుకున్నారు. నా సైకిలు పక్కనే ఉంది. ఫోటోలో సరిగా పడటం లేదని ఒకాయన, "ఏమండీ, ఇది కాస్త పక్కకి లాగుతారా" అన్నాడు. లాగాను. ఏం చేస్తాను మరి!

ఆ కసితో నేను తెల్లటివి తెప్పించాను. మీగడ ఏంటి, పాలలాంటి తెలుపే వేస్తాను అనుకున్నాను. అది నాట్ల కాలం. ట్రాక్టర్లు తొక్కిన గట్టు మీద రేగడి బురద ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి తెలుసు. ఒక్క శనివారంతో నా పాల తెలుపు కాస్తా మసిగుడ్డ అయిపోయింది. సబ్బుతో తోమాను, చింతపండు పెట్టి తోమాను, పోలేదు. అప్పుడు నాకు బుర్రలో మెరుపు మెరిసింది. పంచె తెల్లబడాలంటే ఏం చేస్తాం? నీలిమందు పెడతాం. టబ్బులో చిక్కగా నీలిమందు కలిపి సాయంత్రం టైర్లు నానేసి, పొద్దున్నే తీశాను. నీలం! చక్కటి ఆకాశ నీలం! మా ఆవిడ నవ్వి నవ్వి, పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. కూర్చున్నది ఊరుకోకుండా అక్కకి ఫోన్ చేసింది.

ఆయన వచ్చారు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఒక మాట అనేవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. "తీసెయ్యకు తమ్ముడూ. హ్యాండిలు పిడులు కూడా ఇదే నీలం పెట్టించు. సీటు నలుపు మార్చకు" అన్నారు. పెట్టించాను. ఆ శనివారం లాకుల దగ్గర అందరూ నా సైకిలు చుట్టూ మూగారు. "అబ్బ, ఏం రంగండీ! ఎక్కడ దొరికిందండీ?" నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ఎవరో, "ఇంకెవరండీ, మాస్టారి ఐడియా అయ్యుంటుంది" అన్నారు. ఆయన, "లేదండి, రంగు మా తమ్ముడిదే, నేను పిడులు మాత్రమే చెప్పాను" అన్నారు. దాంతో ఏమైంది? "చూశారా, ఎంత పెద్ద మనసో" అని మళ్లీ ఆయన్నే మెచ్చుకున్నారు. నా తప్పు కూడా ఆయనకే కలిసొచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది.

కానీ ఆయన పడే శ్రమ కూడా చెప్పాలి, లేకపోతే నా నోరు ఊరుకోదు. శనివారం మధ్యాహ్నం పెరట్లో పీట వేసుకుని, గిన్నెలో కుంకుడు నురగ పెట్టుకుని, పాత పళ్ల బ్రష్షుతో టైరు పక్కలు తోమేవారు. ఏదో కీర్తన సన్నగా పాడుకుంటూ, చక్రం తిప్పుకుంటూ తోమేవారు. తొందర పడేవారు కాదు. నేను వెళ్తే, "నీది కూడా పట్టుకురా తమ్ముడూ, కడిగేస్తాను, నురగ ఉంది" అనేవారు. "వద్దులెండి, మాది నీలం, మురికి కనపడదు" అనేవాణ్ణి. "అదీ నిజమే. రంగు ఎంచుకోవడం ఒక్కపూట పనే, కడుక్కోవడం ఎప్పుడూ ఉండేదే" అనేవారు.

భూస్థాపన అయిన వారానికి వదిన కబురు చేసింది. మా ఆవిడ అక్కని నేను వదినా అంటాను. వెళ్లేసరికి పెరట్లో లేడీస్ సైకిలు ఒకటి స్టాండు వేసి ఉంది. ఆవిడ టీచరు ట్రైనింగుకి తొక్కుకుంటూ వెళ్లిన సైకిలు. ఏళ్ల తరబడి కొట్టుగదిలో పడి ఉన్నదాన్ని తీసి, ఆయన ముదురాకుపచ్చ రంగు వేయించారు. రిమ్ములు మెరుస్తున్నాయి, సీటుకి కొత్త గోధుమరంగు తోలు. అన్నీ అయ్యాయి. టైర్లు మాత్రం పాతవే, వాటి పక్కలకి జాకెట్టు ముక్కల పీలికలు. ఒక చక్రానికి మీగడ రంగు, ఇంకోదానికి తెలుపు.

"ఎన్ని ముక్కలు చుట్టారో, ఎన్ని విప్పారో," అంది వదిన. "ఏ సైకిలుకీ ఇంత ఆలోచించలేదు మరిదిగారూ. ఇదీ కాదు, ఇదీ కాదు అని తల పట్టుకునేవారు. ఆయన జ్ఞాపకార్థ కూడిక రోజున నేను దీని మీదే చర్చికి వెళ్తాను. ఏ టైర్లెయ్యాలో మీరు చెప్పండి."

ఆవిడ లోపలికి వెళ్లాక, ఆ సైకిలు ముందు పీట మీద కూర్చున్నాను. దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. ఆయనకి తేలని రంగు! ఆయన కన్ను కూడా ఆగిపోయిన చోటు ఒకటి దొరికింది. ఇప్పుడు నేను తేలిస్తే, చర్చి మొత్తం చూస్తుంది. "చిన్నల్లుడు గారి సెలక్షన్ అండి" అంటారు. వినాల్సిన మనిషి లేరు కదా అని ఆ వెంటనే గుర్తొచ్చి, అది కూడా ఆయన మీద కోపంగానే మారింది.

పీలికలు విప్పేశాను. పెరటి గోడవతలికి సైకిలు తీసుకెళ్లి, దూరంగా నిలబడి చూశాను, ఆయనలాగే. మీగడ రంగు బాగుంటుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంటుంది. పచ్చ మీద మీగడ, ఆయనే గనక ఉంటే చివరికి అదే వేసేవారు. కానీ మీగడ రంగు ప్రతి శనివారం కడగాలి. వదినకి మోకాళ్ల నొప్పులు, పీట మీద కూర్చోలేదు. కుంకుడు నురగ చేతబట్టుకుని ఆ చక్రం ముందు ఒక్కత్తే కూర్చుంటే ఆవిడ బ్రష్షు తిప్పుతుందా, ఏడుస్తూ ఉంటుందా? కడిగే మనిషి లేని సైకిలుకి కడగక్కర్లేని రంగు కావాలి. ఆయనకి అది తట్టలేదు. తానుండగా ఆవిడ సైకిలు ఎవరు కడుగుతారన్న ప్రశ్నే ఆయనకి రాలేదు, పాపం.

తాటిబెల్లం రంగు టైర్లు తెప్పించాను. మా గట్ల మీద బురద ఎండితే సరిగ్గా ఆ రంగే. తోలు సీటుకి జోడు కుదిరింది, పచ్చదనం ఒక మెట్టు నిదానించింది. బిగించి నిలబెట్టాక నాకే గర్వమేసింది. మా ఆవిడ వచ్చి చూసి, "ఏవండీ, ఇది నిజంగా మీరే ఎంచారా?" అంది. పెళ్లాం కూడా ఇలా అడిగితే ఇక మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

జ్ఞాపకార్థ కూడిక రోజున వదిన నీలం అంచు నేత చీర కట్టుకుని, ఆ సైకిలు మీదే వచ్చింది. ముందు కాస్త తడబడినా తర్వాత చక్కగానే తొక్కింది. ప్రార్థనలు అయ్యాక, భోజనాలు అవుతుండగా, అందరూ సైకిలు చుట్టూ చేరారు. శనివారం జట్టు మొత్తం అక్కడే ఉంది.

"అబ్బా! ఆ టైర్లు చూశారా అండి? అసలు ఆ రంగు వేయాలని ఎవరికి తడుతుందండి?"

"మాస్టారికి తప్ప! పోయేముందు ఆవిడ కోసం ఏం ఎంచారో చూడండి. మనమైతే తెలుపో మీగడో వేసి ఊరుకునేవాళ్లం."

"ఆవిడ అస్తమానూ టైర్లు కడుక్కోలేరని కూడా ఆలోచించారండీ మహానుభావుడు!"

ఆ చివరి మాట అన్నాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నా గుండెల్లో భగ్గుమంది. ఎన్నాళ్లుగా కాచుకున్న మాట! నోటిదాకా వచ్చింది. వదిన నా వైపు చూసింది. "కాదండి, మా మరిదిగారు..." అని మొదలెట్టింది. ఆవిడ మొహం చూశాను. ఆయన గురించి అందరూ అలా మాట్లాడుతుంటే, ఇన్ని రోజుల తర్వాత ఆవిడ మొహంలోకి కాస్త రంగు వచ్చింది. ఆయనింకా ఎక్కడో పెరట్లో కూర్చుని ఆవిడ గురించి ఆలోచిస్తున్నట్టే ఉంది ఆ మాటల్లో.

"ఆయ్, అవునండి," అన్నాను. "అన్నయ్యగారే చెప్పారు. నేను ఆర్డరు పెట్టానంతే."

జనం భోజనాల వైపు కదిలాక వదిన దగ్గరికొచ్చి, "చర్చి కాంపౌండులో నిలబడి అబద్ధమా మరిదిగారూ?" అంది.

"పాస్టరుగారికి చెప్పకండి వదినా."

ఆవిడ నవ్వింది. భూస్థాపన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. నేను కూడా నవ్వాను గానీ, కడుపులో మంట మాత్రం అలాగే ఉంది, మీతో అబద్ధం ఎందుకు? పైగా ఇంకొకటి తోడైంది. ఆయన పోతే ఆయన కోసం ఇలా ఒక అబద్ధం ఆడటానికి నేనున్నాను. మా అత్తయ్యగారికి ఇద్దరే కూతుళ్లు. నా వెనక ఇంకో అల్లుడు లేడు. అక్కడ కూడా ఆయనే అదృష్టవంతుడు.

వదిన బైబిలు సంచీ హ్యాండిలుకి తగిలించుకుని సైకిలెక్కింది. గేటు దగ్గర నిన్నటి వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. "దిగి నడిపించుకెళ్లండమ్మా" అని ఎవరో అరిచారు. ఆవిడ దిగలేదు. బెల్లు కొట్టుకుంటూ నీళ్లలోంచే పోనిచ్చింది.