అలిగి పడుకున్న ప్రింటరు

ఇప్పుడంటే కంప్యూటరు చదవని పిల్లవాణ్ణి చూపించమంటే మా కోయంబత్తూరులో టార్చిలైటు వేసి వెతకాలి గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో యూనిక్స్ అనే కంప్యూటరు విద్య వచ్చినవాడంటే చుట్టాల్లో ఒక గౌరవం ఉండేది. ఆ గౌరవానికి ముఖ్య కారణం, యూనిక్స్ అంటే ఏమిటో ఎవరికీ తెలియకపోవడం. మా అవ్వ పెళ్ళిళ్ళలో పదిమంది ముందూ "మావోడు యూనిక్సు సదివినాడు" అని గొప్పగా చెప్పేది. వాళ్ళు పాపం "అట్లనా! ఏ ఆస్పత్రిలో ఉండాడు?" అని అడిగేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు. (మేము ఎన్నో తరాల కిందట వచ్చి తమిళనాట స్థిరపడిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, కోపంలో మూడూ. తెలుగు చదవడం, రాయడం నేను పెద్దయ్యాక పంతానికి నేర్చుకున్నవి కాబట్టి, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి.)

నా ఉద్యోగం వెట్ గ్రైండర్లు తయారుచేసే కంపెనీలో. యజమానిని అందరం మొదలాళి అనేవాళ్ళం. మాకు దూరపు చుట్టం (మావాళ్ళలో దూరపు చుట్టం కానివాడు దొరకడం కష్టం). "ఆరు నెలలు సూస్తాం తంబీ. పని కుదిరితే ఉండు. కుదరకుంటే పెరియకుళంలో మీ నాయన మామిడితోపు ఉండనే ఉండాది" అని మొదటిరోజే చెప్పేశాడు. ఆ మాట విని నాకంటే మా నాయనే ఎక్కువ సంతోషించాడు. కొడుకు ఎప్పుడు ఉద్యోగం పోగొట్టుకుంటాడా, ఎప్పుడు తోపులోకి దిగుతాడా అని ఆయన ఆశగా కాచుకుని ఉండేవాడు. నాకు మామిడిపండంటే ప్రాణమే గానీ మామిడితోటంటే గుండెదడ. ఎర్రచీమలు, ఒళ్ళు పొక్కించే జీడి, గబ్బిలాలు, వీటన్నిటికీ పైన రోజంతా మా నాయన ఉపన్యాసం. చస్తే వెళ్ళకూడదు, ఈ ఆరు నెలలూ ఎలాగైనా నెగ్గుకురావాలి అని గట్టిగా అనుకున్నాను. అయిదో నెల దాకా అంతా సవ్యంగానే నడిచింది. అప్పుడు కొత్త ప్రింటరు వచ్చింది.

సరుకు లారీ ఎక్కే డెస్పాచ్ గది కంపెనీ ఆవరణకు ఆ చివర, నా గది ఈ చివర. అంతకుముందు బిల్లులన్నీ ఆ గదిలో కూర్చుని కణక్కు మామ చేత్తో రాసేవాడు. మా వైపు కణక్కు అంటే లెక్క. మొదలాళి తండ్రి కాలంనుంచీ లెక్కలు చూస్తున్న పెద్దాయన కాబట్టి ఆ పేరు. చేతిలో పని పోతోందని ఆయన గొడవ చేస్తాడేమోనని భయపడ్డాను గానీ, "మిషను రాసిస్తే నాకు సేతినొప్పి తగ్గుతాది, పెట్టు తంబీ" అని నవ్వేశాడు. నేను గోడల మీదుగా వైరు లాక్కొచ్చి, ప్రింటరును నా యూనిక్స్ మిషనుకు కలిపి, నా వయసుకు మించిన దర్జాతో ఆయనకు ఒక హెచ్చరిక చేశాను. "మామా, ఈ స్విచ్చిని మాత్రం తాకొద్దు. ఆర్పితే మిషను పాడైపోతుంది!" ఆయన చెంపలు వేసుకుని, "సామి సత్తియంగా తాకను" అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోండి.

యూనిక్స్‌కు ఒక గుణం ఉంది. ప్రింటరుకు కాగితం పంపినప్పుడు అవతలినుంచి పలుకు లేకపోతే, ఒకటికి రెండుసార్లు పిలిచి చూసి, "పో, నీతో ఇక మాటల్లేవు" అన్నట్టు దానికి 'డిసేబుల్డ్' అని ముద్ర కొట్టేస్తుంది. తర్వాత ప్రింటరు ఎంత బాగున్నా సరే, మనిషి వచ్చి 'ఎనేబుల్' అని బతిమాలేదాకా ఆ అలక తీరదు. (మా మేనత్త కూడా అచ్చం ఇంతే. పెళ్ళి పిలుపులో ఒక్కసారి ఆవిడ ఇంటి గడప దాటిపోయారంటే, ఊరు ఊరంతా వచ్చి ఎనేబుల్ చేయాలి.) పెట్టిన వారంలోనే కణక్కు మామనుంచి ఫోను వచ్చింది. "తంబీ, కాగితం రాలే. కొంచెం సూడు." చూస్తే డిసేబుల్డ్. నేను ఎనేబుల్ కొట్టాను. అవతల టకటకా బిల్లులు రాలాయి. "వచ్చేసింది తంబీ! నువ్వు కెట్టికారుడివిరా!" అన్నాడు మామ. గట్టివాడివి, తెలివైనవాడివి అని మెచ్చుకోలు. నేను పొంగిపోయాను. మర్నాడు మళ్ళీ ఫోను. ఆ మర్నాడు మళ్ళీ. ప్రతిరోజూ ఆయన నన్ను కెట్టికారుణ్ణి చేయడం, నేను రోజురోజుకూ చిక్కిపోవడం.

పోనీ రోజూ ఒకే వేళకు పడుకుంటుందా అంటే అదీ లేదు. సోమవారం నేను కుర్చీలో కూర్చోకముందే అలిగేది. మంగళవారం సాయంత్రం టీ వేళకు. బుధవారం సరిగ్గా ఆకలేసే సమయానికి. శుక్రవారం మధ్యాహ్నం కాకముందు. దయ్యానికైనా ఒక వేళాపాళా ఉంటుంది, దీనికి అదీ లేదే అని తల పట్టుకున్నాను. వైరు మార్చాను. ఎలుకలు కొరుకుతున్నాయని బోను పెట్టించాను (ఒక తొండ పడింది). గ్రైండర్లు పరీక్షకు తిప్పినప్పుడు కరెంటు తగ్గుతోందని వాటిని తిప్పే మేస్త్రీతో తగవు పెట్టుకున్నాను. నేను పలకరించినప్పుడల్లా ప్రింటరు మాత్రం "నాకేం, బాగానే ఉన్నాను" అని బదులిచ్చేది. మామను నిలదీశాను. "మామా, నిజం చెప్పండి, స్విచ్చి తాకినారా?" "అయ్యో, మాట ఇచ్చినానే, ఎట్ల తాకుతానురా!" "పోనీ ప్రింటరును ఎవరైనా తాకుతా ఉండారా?" "నేను కూసోని ఉండగా ఎవుడు తాకుతాడు? దానిమీద ఈగను కూడా వాలనియ్యను." ఆ వారం ఫోనులో మా నాయనకు పొరపాటున ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. "మామిడిసెట్టుకు డిసేబులు గిసేబులు ఉండదురా. కాలం వస్తే తానే కాస్తాది. వచ్చెయ్యి" అన్నాడు ఉత్సాహంగా.

దాంతో నాకు పౌరుషం వచ్చి ఒక ప్రోగ్రాము రాశాను. ప్రింటరు అలిగిందంటే చాలు, మనిషితో పని లేకుండా అదే ఎనేబుల్ కొడుతుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే నేనెందుకవుతాను? బిల్లు పోయిందో ఏమోనని, ఎనేబుల్ కొట్టిన ప్రతిసారీ ఆ బిల్లును ఇంకొకసారి పంపమని కూడా చెప్పాను. అది అయిదు నిమిషాలకొకసారి నమ్మకంగా ఎనేబుల్ కొడుతూ, బిల్లు మీద బిల్లు వరసలో పేరుస్తూ కూర్చుంది. ఆ బుధవారం మధ్యాహ్నం ప్రింటరుకు మెలకువ వచ్చేసరికి వరసలో ఉన్నవన్నీ ఒక్కసారిగా కక్కేసింది. కణక్కు మామ అప్పుడే భోజనానికి ఇంటికి వెళ్ళాడు. లోడు ఎత్తే మేస్త్రీకి ఒకటే ధర్మం, కాగితం వచ్చిందా, సరుకు పోవాలి. ఏ కాగితానికి ఆ కాగితం లెక్కవేసి ఎత్తించేశాడు. పది గ్రైండర్లు అడిగిన వాడిపట్టి డీలరుకు మా దగ్గర ఉన్న అతిపెద్ద లారీ నిండా గ్రైండర్లు వెళ్ళాయి.

మర్నాడు వాడిపట్టినుంచి వచ్చిన ఫోను నా ఖర్మ కొద్దీ నేనే తీశాను. "ఏమప్పా, మాకు పిచ్చి పట్టిందనుకుంటిరా? అంగడి నిండిపాయె, పశువుల కొట్టం నిండిపాయె, ఎదురింటి తిన్నెమీద కూడా మీ గ్రైండర్లే! వాడిపట్టి అంతా సేరి దోసెలు పోసుకున్నా ఇన్ని కావు! లారీని తిప్పి పంపిస్తా ఉండా!" అని ఆయన అరిచిన అరుపుకు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా స్పష్టంగా వినిపించింది. సాయంత్రానికి మొదలాళి కబురు. "రేపు పన్నెండు దాటినాక వచ్చి కనపడు. ఎందుకు ఇట్లయిందో సెప్పు. సెప్పలేకుంటే సోమవారం మెడ్రాసునుంచి వేరే ఆళ్ళు వస్తారు, నీ యూనిక్సును నువ్వే ఎత్తుకోని పో." ఆ రాత్రి కళ్ళు మూస్తే ఎర్రచీమలు కనిపించాయి.

శుక్రవారం పొద్దున్న ఇక సిగ్గు విడిచి డెస్పాచ్ గదిలో గ్రైండరు అట్టపెట్టెల వెనక నక్కాను. నేను పట్టేటంత సందు చేసుకోవడానికి మూడు పెట్టెలు జరపాల్సి వచ్చింది (అవ్వ పెట్టే నెయ్యి మహిమ). చాలాసేపు ఏమీ లేదు. కణక్కు మామ కూర్చుని బిల్లులు సర్దుతున్నాడు. గోడ గడియారం పదిన్నర చూపించింది. మామ లేచాడు. గడియారానికి ఒక దండం పెట్టాడు. ప్రింటరు జోలికి పోకుండా, చుట్టూ తిరిగి గోడ దగ్గరికి వెళ్ళి, నేను లాగిన నీలం వైరును గోడలోంచి టక్కున పీకాడు. దాన్ని ముద్దుగా చుట్టి మేకుకు తగిలించి, మళ్ళీ వచ్చి కూర్చుని మజ్జిగ చెంబు అందుకున్నాడు.

"మామా!" అని నేను పెట్టెల్లోంచి లేచేసరికి ఆయన చేతిలో చెంబు ఎగిరిపడింది. "ఏంది మామా ఈ పని? స్విచ్చి తాకలేదంటిరే! ప్రింటరును తాకలేదంటిరే!"

"తాకలేదు గదరా!" అన్నాడు ఆయన, గుండె చేత్తో పట్టుకుని. "స్విచ్చి తాకినానా? ప్రింటరు తాకినానా? ఇది గోడదిరా. గోడను తాకొద్దని నువ్వు సెప్పలేదే!"

"అసలు ఎందుకు పీకినారు?"

"రావుకాలంరా!" అన్నాడు, నేను సూర్యుడు ఎటు పొడుస్తాడని అడిగినట్టు చూస్తూ. రాహుకాలం రోజుకొక వేళకు వస్తుంది. సోమవారం పొద్దున్నే, మంగళవారం టీ వేళకు, బుధవారం ఆకలి వేళకు! "రావుకాలంలో బిల్లు పోతే పోయిన సరుకు తిరిగొస్తాది. ఒగసారి పళనికి రాసి అనుభవించినా. అప్పుడు పేనా మూసి జోబులో పెట్టుకుంటా ఉంటిని. ఇప్పుడు పేనా యాడుండాది? నువ్వు ఒయరే గదా పెట్టినావు! అందుకే దాన్ని మూస్తా ఉండా, కాలం దాటినాక మళ్ళీ గోడలో పెడతా ఉండా." ఇన్ని వారాలూ నేను ఎలుకలను అనుమానించాను, తొండను అవమానించాను, ఇంటి గోడమీద వేలాడే క్యాలెండరును మాత్రం ఒక్కసారీ చూడలేదు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, చివరికి నవ్వు వచ్చింది. మామకు మాత్రం నా మొహం చూసి దిగులు పట్టుకుంది. "నీ వేలైకి మోసం వచ్చిందా తంబీ?" అన్నాడు. వేలై అంటే ఉద్యోగం. "నేనే వచ్చి మొదలాళికి సెప్తా, పద." నేను అడుగు వేయబోతే చెయ్యి పట్టి ఆపాడు. "ఇప్పుడు కాదురా. పన్నెండు కానీ." ఇద్దరం మిగిలిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. మొదలాళి కూడా నన్ను పన్నెండు దాటాకే ఎందుకు రమ్మన్నాడో నాకు అప్పుడు తట్టింది.

మొదలాళి ముందు నేను నోరు తెరవకముందే మామ చేతులు కట్టుకుని, "పిల్లోడిమీద తప్పు లేదు మొదలాళీ. రావుకాలంలో ఒయరు పీకింది నేను" అని చెప్పేశాడు. మొదలాళి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మామ పని అయిపోయిందనుకున్నాను. నిజంగా భయమేసింది, అంత ముసలాయన నా మూలంగా మాట పడతాడేమోనని. మొదలాళి నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఒయరు పీకి ఉండగా బిల్లులు తోసింది ఎవరు?"

"నా ప్రోగ్రామండీ."

"రావుకాలంలోనా?"

"...అవునండీ."

"మరి సరుకు తిరిగిరాక ఏమవుతాది?" అన్నాడు మొదలాళి.

నిజమే కదా, వాడిపట్టి లారీ ఆ నిమిషానే గేటు దగ్గర హారను కొడుతూ, వెనక్కి తిప్పుకుంటూ లోపలికి వస్తోంది. ఆ హారను విని మామ నావైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. "మామకు వయసయింది" అన్నాడు మొదలాళి. "దినమూ వంగి వంగి ఒయరు పీకలేడు. నీ కంప్యూటరు ఉండాదే, అదే రావుకాలం సూసి పడుకునేటట్టు సెయ్యి. సేస్తే ఉద్యోగం నీకే." ప్రాణం లేచొచ్చి, ఆ సంబరంలో నోరు జారాను. "యమగండం కూడా పెట్టేదా అండీ?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "వద్దు. అదీ సూస్తే యాపారం సేసేది ఎప్పుడు?"

అలా, డిసేబుల్ అవుతున్న ప్రింటరును బాగుచేయడానికి అన్ని వారాలు చచ్చిన నేను, దాన్ని రోజూ వేళ తప్పకుండా డిసేబుల్ చేసే ప్రోగ్రామును నా చేత్తో రాశాను. సోమవారానికి ఒక వేళ, మంగళవారానికి ఒక వేళ, పంచాంగం మొత్తం యూనిక్స్‌కు నేర్పాను. మామ కొన్నాళ్ళు గడియారం చూస్తూ పక్కనే నిలబడి పరీక్షించి, "మిషను బుద్ధిమంతురాలైంది" అని తీర్పు ఇచ్చాడు. మా నాయన మాత్రం నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఊళ్ళు మారాను, కంపెనీలు మారాను. కణక్కు మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కబురు తెలిసిన రోజు, ఎంత పెద్దవాణ్ణయినా నన్ను కెట్టికారుడని మెచ్చుకునే మనిషి ఇక లేడే అని బాధపడ్డాను. మొన్న ఒక రోజు ఆఫీసులో ఉండగా కొత్త నంబరునుంచి ఫోను వచ్చింది. ఆ గ్రైండర్ల కంపెనీలో ఇప్పుడు కంప్యూటర్లు చూస్తున్న అమ్మాయి. నా నంబరు ఎలాగో సంపాదించిందట. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, ఈడ డెస్పాచ్ ప్రింటరు తానే డిసేబుల్ అవుతా ఉండాది. దినానికొక టైము. సర్వరు మార్చినాం, ప్రింటరు మార్చినాం, వైరు మార్చినాం, ఏమీ తెలియలే. ఈ వారం సరి చెయ్యకుంటే నా వేలైకే మోసం అన్నా. మీకేమైనా తెలుసా?"

తెలుసా! సర్వరు మారినా, నేను రాసిన ఆ ముక్కను ఎవరో అలాగే కొత్తదానిలోకి మోసుకొచ్చి ఉంటారు. అదెందుకో చెప్పే ఒక్క మాటా నేను అందులో రాయలేదు, సిగ్గేసి. పాపం ఆ పిల్ల ఎన్ని ఎలుకల బోన్లు పెట్టిందో! అంతా విప్పి చెబుదామని సంబరంగా నోరు తెరిచి, అలవాటుగా గోడమీద గడియారం చూశాను. శుక్రవారం, పదకొండు. "తెలుసమ్మా, అంతా తెలుసు. నీ ఉద్యోగానికేం కాదు. కానీ ఇప్పుడు చెప్పకూడదు" అన్నాను. "పన్నెండు దాటినాక ఫోన్ చెయ్యి."